కలుపు అనే మాట

1

సాహిత్యంలో ప్రకృతి వర్ణనను గురించి మన విమర్శకులు చాలా వ్రాశారు. ప్రబంధ కవుల ఋతువర్ణనల మీదా, భావకవుల తాదాత్మ్యం మీదా వచ్చిన వ్యాసాలకు లెక్కలేదు. అభ్యుదయ సాహిత్యం వచ్చిన తర్వాత ఈ చర్చ ఒక విధంగా ముగిసిపోయిందని చాలామంది భావించారు. చంద్రుడూ మలయమారుతమూ వెనక్కు పోయాయి. మనిషీ అతని శ్రమా ముందుకు వచ్చాయి. ఇది రావలసిన మార్పే. తోటలో పూచిన పువ్వును చూసి పరవశించిన భావకవికి ఆ తోట ఎవరిదో, దానికి నీళ్ళు పోసింది ఎవరో పట్టలేదు. ఆ ప్రశ్న వేసినవాడు అభ్యుదయ రచయిత. అయితే ఆ ప్రశ్నను అతను సగంలో వదిలిపెట్టాడని చెప్పవలసి వున్నది. పొలం ఎవరిది అని అడిగాడు. పొలంలో ఏమేమి వున్నాయని అడగలేదు.

ఈ రెండో ప్రశ్న అప్రధానమైనదనీ, పిట్టల్నీ పురుగుల్నీ లెక్కపెట్టే తీరిక వున్నవాళ్ళ ప్రశ్న అనీ కొందరు మిత్రులు అనవచ్చు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. గడచిన అరవయ్యేళ్ళలో తెలుగునాట పొలం మారిన తీరు చూస్తే ఈ రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని వున్నాయని తెలుస్తుంది. పొలంలో బ్రతికే జీవులు తగ్గుతూ వచ్చిన కాలమే రైతుకు మందుల అప్పు పెరుగుతూ వచ్చిన కాలం. కూలి మనిషికి గట్టు మీద కూరాకు దొరకకుండా పోయిన కాలం కూడా అదే. ఈ సంగతి మన సాహిత్యంలోకి రావలసినంతగా రాలేదు. అందుకు ఒక కారణం మన భాషలోనే వున్నదని నా అభిప్రాయం. కలుపు, పురుగు, బంజరు - ఈ మూడు మాటలనూ మనం భూమి యజమాని చెప్పిన అర్థంలోనే తీసుకున్నాం. పంటకు ధర కట్టేవాడికి ధర పలకని మొక్క కలుపు. శిస్తు కట్టించుకునేవాడికి శిస్తు రాని నేల బంజరు. దోపిడీని ఎదిరించిన సాహిత్యం దోపిడీదారు నిఘంటువును మాత్రం అలాగే వుంచుకున్నది. ఈ మూడు మాటలనూ ఒక్కొక్కటిగా పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2

మొదట కలుపు సంగతి చూద్దాం.

ఆముక్తమాల్యదలోని వర్షఋతు వర్ణన మన తరగతుల్లో తరచు చెప్పే భాగం. ముసురు పట్టిన రోజుల్లో కాపుల ఇళ్ళు ఎలా వుంటాయో కృష్ణదేవరాయలు ఒక పద్యంలో చెబుతాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి, నూనెలో పొరటి, ఆరికల అన్నంతో తిని, కుంపటి పెట్టిన మంచాల మీద వాళ్ళు వెచ్చగా పడుకుంటారు. విజయనగర సామ్రాజ్యానికి ప్రభువైన కవి ఒక కాపు ఇంటి కూరలోని ఆకులను పేరుపేరునా ఎరుగును. పద్యంలో మనం ముఖ్యంగా గమనించవలసినది ఇదే. ఈ నాలుగు ఆకుల్లో ఒక్కటీ ఎవరూ విత్తింది కాదు. నాలుగూ వానకు చేలల్లోనూ గట్ల మీదా వాటంతటవే మొలిచేవి. ఇవాళ వ్యవసాయ శాఖ భాషలో చెప్పాలంటే నాలుగూ కలుపు మొక్కలే. గురుగునే తెలంగాణలో గునుగు అంటారు. బతుకమ్మను పేర్చేది ఆ గునుగు పూలతోనూ తంగేడు పూలతోనూ. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది. చేను మాత్రం ఆ పండుగ పువ్వును కలుపు జాబితాలోనే వుంచింది.

అదే కావ్యంలో విల్లిపుత్తూరు వరిమళ్ళ దృశ్యం ఇంకొకటి వున్నది. కాలువల వెంబడి బాతులు రెక్కల్లో తలలు దూర్చుకొని నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు మరచిపోయిన, పిండి వుంచిన బట్టలు కాబోలునని తలారులు వాటిని తీయబోతారు. బాతులు లేచి పరుగెత్తుతాయి. వరిచేలకు కాపలా వున్న ఆడవాళ్ళు చూసి నవ్వుతారు. ఈ పద్యంలోని హాస్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. హాస్యానికి ఆధారమైన పొలాన్ని గురించి చెప్పినవారు తక్కువ. ఆ మడిలో వరి ఒక్కటే లేదు. నీళ్ళున్నాయి, నీళ్ళలో నత్తలూ పురుగులూ వున్నాయి, వాటి కోసం బాతులున్నాయి. పిట్టల్ని తోలటానికి కూలికి కుదిరిన స్త్రీలు కూడా ఆ బాతుల్ని చూసి నవ్వగలిగారు. వారి కూలి ఎంతో, ఆ ధాన్యం ఎవరి గాదెకు చేరిందో రాయలు చెప్పలేదు. మనం అడగవలసిందే. కాని అది అడిగే తొందరలో ఆ మడిని ఖాళీ చెయ్యకూడదు.

ఇంకా వెనక్కు పోతే హాలుడి గాథాసప్తశతి వున్నది. ఒక గాథలో వరిచేను పండి తెల్లబారుతుంటే ఒక పడుచు తల వంచుకొని ఏడుస్తుంది. చేను కోస్తే ప్రియుడిని కలుసుకునే చోటు పోతుంది. చెలికత్తె ఆమెను ఓదారుస్తూ, హరిదళం పూసుకున్న నటకత్తెలా పచ్చగా జనుము తోట సిద్ధమైంది చూడమంటుంది. దీనిని శృంగారంగా వ్యాఖ్యానించి వదిలిపెట్టటం సంప్రదాయం. కాని వరి పోగానే జనుము రావటం వ్యవసాయంలో ఒక పద్ధతి. జనుము పప్పుజాతి మొక్క. దాని వేళ్ళ బుడిపెల్లో వుండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయి. కృష్ణా డెల్టాలో వరి కోతల ముందు జనుము గానీ పిల్లిపెసర గానీ మినుము గానీ చల్లే అలవాటు మన కాలం దాకా వచ్చింది. గాథ చెప్పిన కవికి నత్రజని సంగతి తెలియదు. ఒక పైరు వెంట మరొక పైరు రావాలనీ, నేల ఖాళీగా వుండకూడదనీ మాత్రం తెలుసు. ప్రేమికుల కలయికకు పంటల వరుస ఆధారమైన ఆ సాహిత్యం ప్రకృతిని అలంకారంగా వాడుకున్నదని చెప్పలేము. అక్కడ ప్రకృతి కథలో భాగం.

ఇప్పుడు మాట దగ్గరకు వద్దాం. తెలుగులో కలుపు అంటే పైరుకు అడ్డమైన మొక్క. కలుపు అంటే చేర్చు, ఒకటి చెయ్యి అని కూడా అర్థం. పైరులో కలిసి మొలిచినది కలుపు. మాటలో శత్రుత్వం లేదు. కలిసి వుండటం మాత్రమే వున్నది. మెట్టసేద్యంలో జొన్న సాళ్ళ మధ్య కంది, పెసర, అలసంద, చేను చుట్టూ ఆముదం, గోగు వేసేవారు. ఈ కలగలుపు పంటలలో ఒకటి పోతే ఒకటి దక్కేది. జొన్న ఎండితే కంది నిలిచేది. దీనిని వెనుకబాటుతనమని తీసిపారేసిన వ్యవసాయ పండితులే తర్వాత అంతరపంటలు, కంచెపంటలు, ఎరపంటలు అని కొత్త పేర్లు పెట్టి బోధించవలసి వచ్చింది. ఆముదం మీద పొగాకు లద్దెపురుగు గుడ్లు పెడుతుంది, బంతి మీద శనగపచ్చపురుగు గుడ్లు పెడుతుంది; అక్కడ ఏరివేస్తే పత్తి దాకా రావు. చేను చుట్టూ నాలుగు సాళ్ళ జొన్న వుంటే రసం పీల్చే పురుగుల రాకకు అది అడ్డు. పురుగులను తినే పురుగులకు ఆశ్రయం.

ఈ జ్ఞానం ఎవరి దగ్గర నిలిచిందో చూడటం అవసరం. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత స్త్రీలు ఒక్కొక్క చేనులో అనేక పంటలు కలిపి పండించి, విత్తనాలను ఇంట్లో దాచుకొని, వాటిని ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పి పాత పంటల జాతర చేశారు. నీరు పెట్టకుండా, మందు కొట్టకుండా మంచుతో పండేవాటిని వాళ్ళు సత్యం పంటలన్నారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. విత్తకుండా చేలో దొరికే ఆకుకూరలను వాళ్ళు పదులకొద్దీ గుర్తుపట్టగలరు. రాయలు నాలుగు ఆకుల పేర్లు చెప్పిన కవితను మనం ఎం.ఏ.లో చదువుతున్నాం, ఆ ఆకులను పోషించుకుంటున్న వాళ్ళలో చాలామంది బడి మొహం చూడనివాళ్ళు.

కలుపుమందు వచ్చినప్పుడు పోయినది మొక్క ఒక్కటే కాదు. కలుపు తీత తెలుగు పల్లెల్లో స్త్రీల పని. వంగి వంగి నడుములు విరిగే పని. దానిని పాటలతో అందంగా చూపించే సాహిత్యం మీద నాకు మోజు లేదు. ఆ శ్రమ తేలిక కావలసిందే. కాని మందు డబ్బా ఆ శ్రమను తేలిక చెయ్యలేదు. ఆ కూలిని తీసేసింది. కొంగులో వేసుకొని ఇంటికి తెచ్చుకునే ఆకును కూడా తీసేసింది. కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనాలు అనుమతి లేకుండానే తెలుగు రాష్ట్రాల్లో దొంగచాటుగా అమ్ముడైన విషయం పత్రికలు చదివేవారికి తెలిసిందే. గ్లైఫోసేట్ వాడకాన్ని పరిమితం చేస్తూ 2022లో కేంద్రప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఈ వ్యవహారంలో దుకాణదారుకు వచ్చిన లాభం లెక్కకు వస్తుంది. కూలి స్త్రీకి పోయిన కూరాకు ఏ లెక్కలోకీ రాదు. లెక్కకు రానిదాన్ని లెక్కలోకి తీసుకురావటమే గదా సాహిత్యం పని!

3

రెండో మాట పురుగు. దానితో పాటు రాబందు, జలగ, తోడేలు, గుంటనక్క. మన ఉద్యమ కవిత్వంలో దోపిడీదారుకు పెట్టిన పేర్లు ఇవి. వడ్డీ వ్యాపారి జలగ, భూస్వామి రాబందు. ఈ ఉపమానాలు ఒకనాడు జనం గుండెల్లోకి సూటిగా పోయాయి; వాటి చారిత్రక పాత్రను నేను తక్కువ చెయ్యటం లేదు. అయితే ఉపమానం నిలవాలంటే ఉపమేయానికీ ఉపమానానికీ సమానధర్మం వుండాలని మనం అలంకారశాస్త్రంలో చదువుకున్నాం. రాబందు ఎవరినీ చంపదు. ఎవరి పంటా ఎత్తుకుపోదు. ఊరి బయట పారేసిన పశువు కళేబరాన్ని తిని, రోగం రాకుండా చేసి పోతుంది. దానికీ భూస్వామికీ సమానధర్మం ఎక్కడున్నది? ఉంటే గింటే ఊరి మైలను మోసి ఊరి చేత చీదరింపులు పడిన వాళ్ళతో వున్నది.

ఆ రాబందు గతి ఏమైందో చూడండి. 1990ల నుంచి ఈ దేశంలో రాబందులు కుప్పలుగా చనిపోయాయి. పశువులకు నొప్పి తగ్గటానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను పాడుచేసిందని 2004 నాటికి తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అప్పటికి మూడు ప్రధాన జాతుల్లో నూటికి తొంభయికి పైగా పోయాయి. కళేబరాలు కుళ్ళాయి, ఊరకుక్కలు పెరిగాయి. రాబందులు పోవటం వల్ల 2000, 2005 మధ్య దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించి వుంటారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. 2013లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద కొన్ని రాబందులు కనపడితే అది పెద్ద వార్త అయింది. ఆకాశంలో రాబందు లేకుండా పోయినా మన కవిత్వంలో మాత్రం దాని మీద తిట్లు ఆగలేదు.

ఈ విషయంలో జాషువా మనకన్నా ముందున్నాడు. 1941లో వచ్చిన గబ్బిలంలో ఆయన హంసనూ మేఘాన్నీ కాదని గబ్బిలం చేత సందేశం పంపాడు. ఇంట్లోకి వస్తే అశుభమని తరిమే జీవి అది. గుడిలోకి రానీయని మనిషి, గుడి కప్పుకు వేలాడే ప్రాణితో శివుడికి చెప్పుకున్నాడు. ఇది సందేశ కావ్య సంప్రదాయం మీద ఎత్తిపొడుపు అని విమర్శకులు సరిగానే చెప్పారు. నేను ఇంకొక మాట చేరుస్తాను. అంటరానితనం మనుషుల మధ్యనే ఆగలేదనీ, గబ్బిలాన్ని చూసే చూపులోనూ వున్నదనీ జాషువా గ్రహించాడు. రాత్రంతా పైరు మీది పురుగులను తినేవీ, చెట్ల పూలకు పుప్పొడి చేర్చేవీ గబ్బిలాలేనని శాస్త్రం చెబుతుంది. అశుభమని పేరుపడ్డ జీవి రైతు పక్షాన పనిచేస్తుంది. కావ్యం ఆ శాస్త్రం చెప్పకపోయినా, ఆ జీవి పక్కన నిలబడింది.

చీడ అనే పేరు పెట్టి ఏరివేసే బుద్ధి పెట్టుబడిదారీ విధానానికే పరిమితమని అనుకోవటానికి కూడా వీలులేదు. 1958లో చైనాలో నాలుగు చీడల నిర్మూలన ఉద్యమం నడిచింది. ధాన్యం తింటున్నదని పిచ్చుకను ఆ జాబితాలో చేర్చి కోట్లకొద్దీ చంపారు. పిచ్చుక పిల్లలను పెంచేది పురుగులతోనని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పిన తర్వాత 1960లో పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు. ఆ సంవత్సరాల కరువుకు కారణాలు అనేకం. పిచ్చుక ఒక్కటే కాదు. కాని ఉత్పత్తి సాధనాలు ప్రజల చేతికి వచ్చినంత మాత్రాన ప్రకృతితో సంబంధం దానంతట అదే సరిపడదని ఆ చరిత్ర చెబుతున్నది. అభ్యుదయవాదులమైన మనం దీనిని దాచిపెట్టి లాభంలేదు.

మన దగ్గర ఈ కథ పత్తిచేలో నడిచింది. మందు కొట్టిన మొదటి ఏడు పురుగు చస్తుంది. పురుగుతో పాటు అక్షింతల పురుగూ సాలెపురుగూ తూనీగా చస్తాయి. చావని కొద్ది పురుగుల సంతానం మందుకు అలవాటుపడి వస్తుంది. దాన్ని తినేవి అప్పటికి చేలో లేవు. కంచే చేను మేసినట్టు, పైరుకు కాపలా అని తెచ్చిన మందు పైరు అసలు కాపలాదార్లను తినేసింది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విజృంభించినా, 1997-98లో వరంగల్లు జిల్లాలో లద్దెపురుగూ శనగపచ్చపురుగూ చేలను ఊడ్చినా మూలం ఇదే. వరంగల్లులో పురుగు చావని మందుతో రైతు చచ్చాడు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొన్నాళ్ళు కాయతొలుచు పురుగు తగ్గింది. 2015 నాటికి గులాబీరంగు పురుగు దానికీ అలవాటుపడింది. వరిలో సుడిదోమ కథ కూడా ఇంతే. ఇండోనేషియాలో 1986లో ప్రభుత్వం వరిపైరు మీద 57 రకాల మందులను నిషేధించి, సాలెపురుగులను బ్రతకనిచ్చి దోమను అదుపులో పెట్టింది. అక్కడి రైతు క్షేత్ర పాఠశాలల పద్ధతే మన దగ్గర పొలంబడిగా వచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం వేపకషాయం, లింగాకర్షక బుట్టలు, పిట్టలు వాలే పంగల కర్రలతో 2004 నాటికి పురుగుమందు మానేసింది. నల్ల ఏట్రింత ఆ కర్ర మీద వాలి కూలి అడగకుండా పురుగులను ఏరుతుంది.

పత్తిరైతు ఆత్మహత్యల మీద మనకు మంచి కథలూ కవితలూ వచ్చాయి. వాటిలో వడ్డీ వున్నది, నకిలీ విత్తనం వున్నది, మార్కెట్టు దగా వున్నది, వితంతువు కన్నీరు వున్నది. సాలెపురుగు లేదు. అది లేకపోవటం వల్ల ఏం నష్టం? కారణాల గొలుసులో ఒక కొక్కెం తెగిపోతుంది. రైతు ఎందుకు మళ్ళీ మళ్ళీ మందు కొనవలసి వచ్చిందో పాఠకుడికి తెలియదు. పురుగు ఆకాశం నుంచి ఊడిపడినట్టు, విధివ్రాత లాగా కనపడుతుంది. వాస్తవికతావాద రచయిత విధిని నమ్మడు. కాని సగం కారణాన్ని వదిలితే అతనికి తెలియకుండానే విధి కథలోకి వస్తుంది.

4

మూడో మాట బంజరు. ఈ మాట నేరుగా రెవెన్యూ దస్త్రాల నుంచి వచ్చింది. గడ్డిబీడు, చిట్టడవి, ముళ్ళకంప, చెరువు శిఖం - శిస్తు రానివన్నీ సర్కారు కంట పనికిరానివే. అక్కడ మేసే గొర్రెకూ, అక్కడ పుల్ల ఏరుకునే మనిషికీ ఆ నేల పనికివచ్చినా సరే.

ఈ మాటలోని క్రౌర్యాన్ని భారతీయ సాహిత్యంలో అందరికన్నా లోతుగా చూపినది విభూతిభూషణ్ వందోపాధ్యాయ నవల ఆరణ్యక్. పుస్తకంగా 1939లో వచ్చింది. సూరంపూడి సీతారాం వనవాసి పేరుతో తెలుగు చేశారు. కథ చెప్పే సత్యచరణ్ ఉద్యోగం కోసం బీహారు అడవికి ఎస్టేటు మేనేజరుగా పోతాడు. అడవిని కౌలుకిచ్చి, కొట్టించి, శిస్తు రాబట్టటం అతని పని. అడవిని ప్రేమించటం మొదలుపెట్టిన తర్వాత కూడా ఆ పని చేస్తూనే వుంటాడు. యుగళప్రసాద్ అనే పాత్ర ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి అడవిలో నాటుతూ తిరుగుతాడు. తనకు దమ్మిడీ లాభం లేదు. ఒక పక్క ఈ పిచ్చివాడు, మరొక పక్క కౌలు కోసం ఆకలితో వచ్చిన పేదలు. వీరిలో ఎవరు తప్పు? నవల ఎవరినీ తప్పు పట్టదు. భూమి లేని పేదను అడవి మీదికి తోలినది జమీందారీ అనీ, అడవికీ పేదకూ మధ్య తగవు పెట్టినది శిస్తు అనీ అర్థమయ్యేట్టు కథ నడుస్తుంది. ఇది ప్రకృతి ఆరాధనగా మాత్రమే చదవవలసిన నవల కాదు.

మన కడప జిల్లాలో ఇదే ప్రశ్న నిజంగా ఎదురయింది. కలివికోడి అనే పిట్ట 1848లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చి, 1900 తర్వాత కనపడక, అంతరించిపోయిందనిపించుకున్నది. 1986లో లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్టను స్థానికులు ఎరుగుదురు. కలివి పొదల్లో తిరిగేదని వాళ్ళు పెట్టిన పేరే దానికి నిలిచింది. ప్రపంచంలో మరెక్కడా కానరాని ఆ పిట్ట బ్రతికినది ఏ మహారణ్యంలోనూ కాదు. గొర్రెలు మేసే పలచటి కంపచెట్ల నేలలో, దస్త్రాల్లో బంజరు అనిపించుకునే రకం నేలలో. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్లోకి వచ్చినప్పుడు వివాదం లేచి కాలువ దారి మార్చవలసి వచ్చింది. నీటికి ముఖం వాచిన రాయలసీమలో పిట్ట కోసం కాలువ ఆపటమా అని కోపం రావటం సహజం. సీమకు నీళ్ళు కావాలి; అది న్యాయమైన కోర్కె. కాని దారి మార్చి కూడా నీళ్ళు తీసుకుపోవచ్చునని అక్కడ తేలింది. నీళ్ళా పిట్టా అని ప్రశ్నను పెట్టిన తీరులోనే మోసం వున్నది.

మానవుడు ప్రకృతిని జయిస్తాడనే మాట మనవాళ్ళకు ప్రియమైనది. ప్రకృతి మీద మన విజయాలను చూసి మరీ పొంగిపోవద్దని, ప్రతి విజయానికీ అది ప్రతీకారం తీర్చుకుంటుందని ఎంగెల్స్ హెచ్చరించి, సాగు కోసం అడవులు నరికి చివరకు నేలనే పోగొట్టుకున్న మెసపొటేమియా, గ్రీసుల ఉదాహరణలు చూపాడు. పెట్టుబడిదారీ వ్యవసాయం శ్రామికుణ్ణే కాక నేలను కూడా దోచుకుంటుందని మార్క్స్ పెట్టుబడి మొదటి సంపుటంలో చెప్పాడు. ఈ రెండు మాటలనూ మనం చదివాం; సాహిత్య విమర్శలోకి మాత్రం తీసుకురాలేదు. ఆ పని ఒక నవలాకారుడు చేశాడు. డాక్టర్ కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు అన్న పేరు పెట్టి, ఒక ముసలి పందుల కాపరి ఒక రాత్రి అడవిలో పడే పాట్లను చెప్పి, జయించటం అనే మాటనే ప్రశ్నగా నిలబెట్టాడు.

5

దీని మీద ఒక బలమైన ఆక్షేపణ వున్నది. దానికి సమాధానం చెప్పకుండా తప్పుకోవటం న్యాయం కాదు. 1965-66 అనావృష్టి నాటికి ఈ దేశం అమెరికా గోధుమల కోసం చేయి చాచింది. ఆ తర్వాత వచ్చిన వంగడాలూ ఎరువులే కడుపు నింపాయి. మారుటేరులో పుట్టి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్లలో పుట్టి 1986లో వచ్చిన సాంబమసూరి కోట్లమందికి అన్నం పెట్టాయి. అక్కుళ్ళూ మొలగొలుకులూ పోయాయని ఏడిస్తే ఆకలి తీరుతుందా?

తీరదు. పాత పొలాన్ని తిరిగి తెమ్మని నేను అనటం లేదు. పది రకాల పంటలు పండిన ఆ పొలంలో వెట్టి కూడా వున్నది; గట్టు మీద కూరాకు ఏరుకున్న మనిషికి గింజ మీద హక్కు లేదు. 1946-51 నాటి తెలంగాణ రైతాంగం పోరాడింది ఆ పొలం కోసమే, ఆ పొలం మీదనే. జీవవైవిధ్యం వుంటే న్యాయం వున్నట్టు కాదు. కాని న్యాయం నిలవాలంటే జీవవైవిధ్యం వుండాలి. పట్టా వచ్చిన తర్వాత నేల చచ్చిపోతే ఆ పట్టా ఏం చేసుకోవాలి? స్వర్ణను పుట్టించిన శాస్త్రజ్ఞుడికి కూడా పాత వంగడాలలోని గుణాలే ముడిసరుకు. అవి చేలల్లోంచి పోతే రేపటి తెగులుకు తట్టుకునే వరిని దేనితో పుట్టిస్తారు?

ఇక రైతు ఎందుకు ఒకే పంట వేస్తున్నాడు? అజ్ఞానం వల్ల కాదు. బ్యాంకు ఫలానా పంటకు ఎకరానికి ఇంత అని అప్పు ఇస్తుంది. ఇరవై పంటల చేనుకు ఏ లెక్కన ఇవ్వాలో దానికి తెలియదు. సర్కారు వడ్లు కొన్నంతగా కొర్రలు కొనదు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. పట్నంలో అందమైన పొట్లాల్లో ఆరికలు అమ్ముతున్నారు. రాయల కాలంలో వాటిని తిన్న ఇళ్ళలో ఇవాళ చౌకడిపో బియ్యమే వున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది కౌలు. మరుసటి ఏడు ఈ చేను తనకు వుంటుందో వుండదో తెలియని కౌలురైతు గట్టు మీద చెట్టు పెంచడు, నేలకు పశువుల ఎరువు తోలడు, జనుము చల్లడు. ఈ ఏటి కౌలు ఈ ఏడే రాబట్టుకోవాలి. అందుకు మందు డబ్బా ఒక్కటే దారి. పొలంలో సాలెపురుగు చావటానికీ కౌలు చట్టం అమలు కాకపోవటానికీ సంబంధం వున్నది. ఆ సంబంధాన్ని చూపగలిగిన కథ మనకు కావాలి.

6

కనుక విమర్శకులుగా మనం చెయ్యవలసిన పనులు కొన్ని వున్నాయి. మొదటిది, ప్రాచీన సాహిత్యాన్ని మళ్ళీ చదవటం. రాయల పద్యం చెప్పేటప్పుడు నాలుగు పేర్లకూ 'ఒక విధమైన ఆకుకూర' అని అర్థం చెప్పి ముందుకు పోవటం మనకు అలవాటు. అదే తరగతిలో కలుపు తీసిన తల్లుల బిడ్డలు కూర్చుని వుంటారు. చెంచలి ఎలా వుంటుందో ఉపాధ్యాయుడికన్నా వాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళను అడిగితే పద్యానికి అర్థం తెలుస్తుంది. తమ ఇంటి కూర ఒక చక్రవర్తి కావ్యంలో వున్నదని వాళ్ళకూ తెలుస్తుంది.

రెండవది, సమకాలీన రచనను ఈ కొలతతో కూడా కొలవటం. పిట్ట పోయిందని కన్నీరు కార్చే కవితను, ఆ పిట్ట ఎందుకు పోయిందో చెప్పావా అని అడగాలి. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక తగ్గిపోతున్న పక్షుల్లో పాలపిట్టను కూడా చేర్చింది. దసరా నాడు దానిని చూస్తే శుభమని పంజరంలో పెట్టి చూపించే దాకా వచ్చింది వ్యవహారం. ఆ పిట్ట పొలంలోని మిడతలను తిని బ్రతికేది. మిడతలు లేని పొలాన్ని గురించి చెప్పకుండా పాలపిట్ట మీద వ్రాసిన కవిత కూడా ఒక పంజరమే. అలాగే అప్పును మాత్రమే లెక్కపెట్టి నేలను మరచిన కథను, అప్పు ఎక్కడ పుట్టిందో పూర్తిగా చెప్పావా అని అడగాలి.

మూడవది, మన ఉపమానాలను తనిఖీ చేసుకోవటం. శత్రువును తిట్టటానికి మాటలు దొరక్కపోవు. వడ్డీ వ్యాపారిని వడ్డీ వ్యాపారి అంటే చాలు. అంతకు మించిన తిట్టు ఏ అడవిలోనూ లేదు. రాబందునూ గబ్బిలాన్నీ కలుపు మొక్కనూ వాటి పేర్లతో వాటిని పిలుద్దాం. ఏరివేయవలసిన దాన్ని కలుపు అనేముందు, అది ఎవరికి కలుపో, ఎవరికి కూరో విచారించటం అభ్యుదయ రచయిత కనీస ధర్మం.